పదకొండో అధ్యాయంలో వెన్నెల

మా షాపు ఆండర్సన్ వీధిలో. షాపు నాది కాదు, అక్కడ నేను లెక్కలు రాస్తాను. పగలంతా కాగితం రీములు, బిల్లులు, జీఎస్టీ. రాత్రి భోంచేశాక నవల. అలా ఆరేళ్లు పట్టింది. మద్రాసు జార్జిటౌన్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం, మూడు తరాల కథ. ఐదు వందల కాపీలు వేయించాను. కాగితం మా యజమాని కొన్న ధరకే ఇచ్చాడు. మూడు వందల చిల్లర కాపీలు ఇప్పటికీ మా మంచం కిందే ఉన్నాయి.

అందుకే మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మామయ్యా, నా ఫ్రెండొకడు సినిమా డైరెక్టరు, నీ పుస్తకం చదివాడట, కలుస్తానంటున్నాడు" అంటే, ఏ పుస్తకంరా అని అడిగాను.

ఆ కుర్రాడు వచ్చాడు. ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. మా వాడి స్నేహితుడు గనక మొదటి నుంచీ నన్ను మావయ్యగారూ అనే పిలిచాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "పుస్తకమంతా కాదండీ, నాకు పదకొండో అధ్యాయం ఒక్కటే కావాలి" అన్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల సంగతి ఎత్తకుండా, బజ్జీలు బాగున్నాయని చెప్పి వెళ్లినట్టు అనిపించింది. అయినా ఏ అధ్యాయమో చెప్పగానే మెత్తబడ్డాను. అది ఎమ్డెన్ రాత్రి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1914 సెప్టెంబరు 22, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. యుద్ధం మొదలై రెండు నెలలు కాలేదు. ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు తీరానికి వచ్చి, సుమారు అరగంటలో 130 దాకా గుండ్లు పేల్చి వెళ్లిపోయింది. హార్బరు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు అంటుకున్నాయి. రేవులో ఉన్న ఓడకు దెబ్బ తగిలింది. ఊళ్లో కూడా కొన్ని గుండ్లు పడ్డాయి. హైకోర్టు ప్రహరీకి ఒకటి తగిలింది. చనిపోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ మర్నాటి నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదలడం మొదలుపెట్టారు. ఇప్పటికీ మా మద్రాసు ఇళ్లలో గడుసువాణ్ణి చూసి "వాడొక ఎమ్డెన్" అంటాం. తమిళులూ అదే అంటారు.

మా నాయనమ్మకు అప్పుడు పదేళ్లు. ఆ రాత్రి గురించి ఆమె చెప్పినవి మొత్తం కలిపితే పది వాక్యాలు ఉండవు. ఆ పది వాక్యాల మీద నేను ఇరవై రెండు పేజీలు రాశాను.

సిట్టింగులు ఆదివారాలు, సాలిగ్రామంలో వాళ్ల ఫ్లాట్‌లో. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. డైరెక్టరు, తిరుపతి నుంచి వచ్చిన ఒక అసిస్టెంటు డైరెక్టరు అమ్మాయి, లాప్‌టాప్ ముందు కూర్చుని సీన్లు టైపు చేసే ఇంకో కుర్రాడు, నేను. సినిమావాళ్ల సిట్టింగ్ అంటే ఏదో హడావిడి ఊహించుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. వాళ్లు చాప మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు.

మొదటి రోజు అధ్యాయం చదవొద్దన్నారు. "చెప్పండి మావయ్యగారూ, మీ మనవడికి చెప్పినట్టు." నేను మొదలుపెట్టాను. జర్మనీ, చైనాలో వాళ్ల స్థావరం సింగ్‌టావ్, అక్కణ్నుంచి బంగాళాఖాతంలోకి ఈ ఓడ ఒంటరిగా రావడం, కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్, పదిన్నర సెంటీమీటర్ల ఫిరంగులు పది, దారిలో పట్టుకున్న ఓడల్లోని మనుషులను అతను మర్యాదగా వదిలేయడం. ఇరవై నిమిషాలైంది. అతను ఓపిగ్గా విన్నాడు.

"బాగుంది. ఇంతవరకూ మనం ఇంట్లోకి రాలేదండీ" అన్నాడు.

నిజమే. అధ్యాయంలో కూడా ఇల్లు ఐదో పేజీలో గానీ రాదు. ముందున్నదంతా నేను కన్నెమెరా లైబ్రరీలో శనివారాలు కూర్చుని సంపాదించుకున్నది. కష్టపడి తెచ్చుకున్నది గనక వాడాలనిపిస్తుంది. సినిమాలో ఆ నాలుగు పేజీలూ ఒక్క సెకను కూడా కావని ఆ రోజే తెలిసిపోయింది. వాళ్ల లెక్కలో స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం. నా ఇరవై రెండు పేజీలు వాళ్ల చేతిలో తొమ్మిదికి దిగాయి. పోయినవన్నీ నాకు ఇష్టమైనవే. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ కథ ముగిసిన పేరా ఒకటుంది. దాన్ని ఎన్నిసార్లు చెక్కానో నాకే తెలుసు. అదీ పోయింది.

వాళ్లు పట్టుకున్నవి వేరు. పద్నాలుగో పేజీలో, పెద్దగా ఆలోచించకుండా రాసిన రెండు వాక్యాలు: పైకప్పు దూలాల సందుల్లోంచి సున్నం రవ్వలు రాలాయి. కొలువు మెట్ల మీద బొమ్మలు తెల్లబడ్డాయి. మా పాత ఇళ్లన్నీ మద్రాస్ టెర్రసే కదా, టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, సున్నం. పై మిద్దె మీద పిల్లలు గెంతినా కింద కంచంలో రవ్వలు పడేవి. నాకది మామూలు సంగతి. అసిస్టెంటు అమ్మాయి ఆ రెండు వాక్యాల కింద పెన్సిలుతో గీత గీసుకొచ్చింది. "దీంతోనే సీనంతా కట్టొచ్చు సార్. మొదటి గుండుకు ఒక బొమ్మ మీద రవ్వ పడుతుంది. చివరికి వచ్చేసరికి బొమ్మలన్నీ తెల్లగా ఉంటాయి. ఎంతసేపు పేలిందో ఎవరూ చెప్పక్కర్లేదు."

ఆ అమ్మాయి నన్ను సార్ అనే పిలిచేది. నా అధ్యాయాన్ని మూడుసార్లు చదివిందట. మా ఇంట్లో కూడా ఎవరూ అన్నిసార్లు చదవలేదు. అంత శ్రద్ధగా చదివేవాళ్లతో ఒక చిక్కు కూడా ఉందని రెండో ఆదివారం తెలిసింది.

"సార్, ఇక్కడ నవరాత్రులు మొదలై మూడో రోజు అని ఉంది."

"అవునమ్మా. ఆ ఏడు సరిగ్గా అప్పుడే పడ్డాయి. ఆనంద నామ సంవత్సరం." తారీఖు మీద నాకు గట్టి ధీమా.

"కొలువు అమావాస్య మర్నాడే కదా సార్ పెడతారు?"

"అంతే కదా."

"మరి పదిహేడో పేజీలో, పెద్దకోడలు పెరట్లోకి వస్తే బావి గట్టు మీద వెన్నెల తెల్లగా పరుచుకుని ఉంది."

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. లాప్‌టాప్ కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో కొలువు మెట్లు బిగించేది నేను. అమావాస్య రోజు అటక మీంచి బొమ్మల పెట్టె దించేదీ నేనే. అలాంటిది మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు నిండు వెన్నెల కురిపించాను. చదివిన ఇద్దరు ముగ్గురు మిత్రులు ఆ వర్ణన బాగుందని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రమే తిథులు సరిచూసుకున్నాను. అమావాస్య 19వ తేదీ రాత్రి. 22న ఆకాశంలో ఉన్నది గోటి ముక్కంత నెలవంక. అది కూడా ఎనిమిది దాటకముందే దిగిపోయి ఉంటుంది. ఓడ వచ్చేసరికి కటిక చీకటి. ఫోన్ చేసి డైరెక్టరుకు చెప్పాను. నన్ను ఏమైనా అంటాడేమో అనుకుంటే అతను ఎగిరి గంతేశాడు. "వెన్నెల పోతే మన పంట పండినట్టే మావయ్యగారూ! ఇంట్లో కొలువు దగ్గర దీపం తప్ప వెలుగు లేదు. ఎవరో భయపడి దాన్నీ ఆర్పేస్తారు. తర్వాత ట్యాంకులు అంటుకుంటాయి. మొట్టమొదటిసారి ఇల్లంతా కనిపించేది ఆ మంటలో!"

నా తప్పు సీనుకు వెన్నెముక అయింది. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

అసలు గొడవ ఓడ దగ్గర వచ్చింది.

అతనికి మొదటి షాట్‌లో ఓడ కావాలి. నల్లటి సముద్రం, మూడు పొగగొట్టాలు, ఒక్కసారిగా సెర్చిలైటు. తప్పు పట్టను, ఎవరికైనా అదే తోస్తుంది. ప్రొడ్యూసరుకు ట్రైలరులో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడు. నేను కూడా సై అన్నాను. ఓడ వస్తే నా సింగ్‌టావ్, నా ముల్లర్ ఏదో ఒక దారిలో మళ్లీ లోపలికి రావచ్చని ఆశ. ఇద్దరం కలిసి ఓడ డెక్కు మీద రెండు సీన్లు కూడా అనుకున్నాం. జర్మన్లు జర్మన్‌లోనే మాట్లాడాలా, తెలుగు డబ్బింగా అన్నదాకా వెళ్లింది.

మూడో వారం లొకేషన్ చూడటానికి జార్జిటౌన్ వచ్చారు. హైకోర్టు తూర్పు ప్రహరీ దగ్గర ఎమ్డెన్ శిలాఫలకం చూపించాను. దాన్ని ఆనుకుని ఒకాయన బెల్టులు, పర్సులు అమ్ముతున్నాడు. ఫోటో కోసం పక్కకు జరగమంటే, ఇక్కడ ఏముందని అడిగాడు. హైకోర్టు గోపురం మీద 1894 నుంచి లైట్‌హౌస్ ఉండేదని చెప్పి, అక్కణ్నుంచి గోవిందప్ప నాయకన్ వీధి దాకా నడిపించాను. నా కథలో ఇల్లు ఆ వీధిదే. పదిహేను అడుగుల ముఖం, వంద అడుగుల పొడుగు, పక్కింటికీ మనకీ ఒకటే గోడ. రైలుపెట్టెలాంటి ఇల్లు. అలాంటివి రెండు మూడు మిగిలాయి, వాటికీ కింద షట్టర్లు. పైన కరెంటు తీగలు, కేబుల్ తీగలు, కింద తోపుడుబళ్లు. ఇక్కడ షూటింగ్ అయ్యే పని కాదని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. కారైకుడిలో చెట్టినాడు ఇల్లు తీసుకుందాం అన్నాడు డైరెక్టరు. ఆ ఇంట్లో హాల్లో క్రికెట్ ఆడొచ్చు, మా ఇంట్లో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అంటుకుపోవాలి, అది వేరు భయం ఇది వేరు భయం అన్నాను. చివరికి సెట్ అని రాసుకున్నారు. దాని ఖర్చు ఎంతో వాళ్లే చూసుకోవాలి.

ఆ వీధిలోనే నిలబడి ఆ అమ్మాయి అడిగింది. "సార్, ఇక్కణ్నుంచి సముద్రం కనిపించదు కదా?"

"కనిపించదు."

"మీ నాయనమ్మగారు ఓడను చూశారా?"

చూడలేదు. ఓడ అనే మాటే ఆ రాత్రి వాళ్ల ఇంట్లో ఎవరూ అనలేదట. ముందు ఉరుము అనుకున్నారు. తర్వాత ఏదో గుడిలో బాణసంచా అనుకున్నారు. ఆ పైన, మిద్దె మీంచి ఎవరో బియ్యం బస్తాలు వీధిలోకి పడేస్తున్నట్టుందని అనుకున్నారట. అది మా నాయనమ్మ మాట. "సద్దు జాస్తి అయ్యేకొద్దీ మా అమ్మ నా చెవులు మూసింది. నేను కండ్లు మూసుకుంటి." జర్మన్ ఓడ సంగతి వాళ్లకు మర్నాడు గానీ తెలియలేదు.

"అయితే మనకు మాత్రం ఓడ ఎందుకు కనిపించాలి?" అంది.

డైరెక్టరు ఏమీ మాట్లాడలేదు. దగ్గర్లో టీ తాగాం. టీ అయిపోయాక, "ప్రొడ్యూసరు నన్ను చంపేస్తాడు" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ తర్వాత నాలుగు వారాలూ చప్పుళ్ల మీదే పని జరిగింది. లెక్కలు రాసేవాణ్ణి గనక నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఓడ సుమారు 3000 గజాల దూరం నుంచి కాల్చిందంటారు. అంటే 2.7 కిలోమీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే ఓడ దగ్గర ఫిరంగి మెరిసిన ఎనిమిది సెకన్లకు ఆ చప్పుడు తీరానికి చేరుతుంది. గుండు శబ్దం కంటే వేగంగా వచ్చేది గనక అది పడి పేలిన చప్పుడే ముందు వినిపించాలి, కాల్చిన చప్పుడు తర్వాత. ఇంట్లోవాళ్లకు ఇదంతా తిరకాసుగా ఉంటుంది. ముందు దగ్గర్లో ధన్‌మని ఒకటి, ఆ వెనక దూరంగా గుమ్మని ఇంకొకటి. మధ్యలో నిశ్శబ్దం. మామగారు ఆ నిశ్శబ్దంలో లెక్కపెట్టడం మొదలుపెడతాడు. అతను కిరాణా వ్యాపారి, వేళ్ల కణుపుల మీద లెక్కించే అలవాటు. నవలలో అది లేదు. సిట్టింగులో పుట్టింది. పుట్టించింది నేనే గనక ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఒక రాత్రి మా మిద్దె మీద ప్రయోగం కూడా చేశాం. గంగాళం బోర్లించి, దాని మీద తడి గోనెపట్టా వేసి, మా ఆవిడ రోకలితో కొడితే లాప్‌టాప్ కుర్రాడు కింద గదిలో తలుపులు మూసి ఫోన్‌లో రికార్డు చేశాడు. పట్టా లేకుండా కొడితే గుడి గంటలా ఉంది. రెండు మడతలు వేస్తే బస్తా పడినట్టే ఉంది. ఏడో దెబ్బకు పక్కింటాయన పిట్టగోడ మీంచి తల పెట్టి, రాత్రి పదకొండింటికి ఏం దంచుతున్నారని తమిళంలో అడిగాడు. ఎమ్డెన్ అని చెప్పాను. ఏమనుకున్నాడో, తల తీసేశాడు.

భాష సంగతి కూడా చెప్పాలి. టైపు చేసే కుర్రాడు సద్దు అన్నచోటల్లా సౌండ్ అని, జాస్తి అన్నచోట ఎక్కువ అని మార్చేశాడు. హైదరాబాదులో ఎవరికీ అర్థం కాదట. అర్థం కాకపోవడానికి అదేమైనా జర్మనా? ఆ మాటకొస్తే మద్రాసు తెలుగును సినిమావాళ్లు ఇన్నేళ్లూ హాస్యానికి తప్ప వాడలేదు. ఆ ఊళ్లోనే సినిమాలు తీస్తూ! 1914 ఏప్రిల్‌లో ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది ఈ ఊళ్లోనే. నా కథలో మామగారు దాన్ని అక్షరం వదలకుండా చదువుతాడు, యుద్ధం వార్తలు ఇంట్లో అందరికీ వినిపిస్తాడు, కానీ నోరు తెరిస్తే మద్రాసు తెలుగే వస్తుంది. దీని మీద గట్టిగా నిలబడ్డాను. ఉంచారు.

పేర్లు మాత్రం పెట్టాల్సి వచ్చింది. నవలలో పెద్దకోడలు పెద్దకోడలే, మామగారు మామగారే. మా ఇళ్లలో కోడలిని పేరు పెట్టి పిలిచింది ఎవరు గనక? సీను పేపర్లో కుడివైపు డైలాగు ముందు పేరు లేకపోతే ఆర్టిస్టులకు కాల్‌షీట్ రాయడం కుదరదన్నారు.

ప్రొడ్యూసరు ఆఫీసుకు ఒకే ఒక్కసారి వెళ్లాను. అక్కడ డైరెక్టరు నన్ను సార్ అన్నాడు. ఇంట్లో మావయ్యగారు, ఆఫీసులో సార్. కథ వింటున్న పెద్దమనిషి సగం సేపు ఫోన్ చూసుకుని, చివర్లో ఒకటే అడిగాడు: చెంపకరామన్ పిళ్లై ఆ ఓడలో ఉన్నాడంటారు కదా, అతన్ని హీరోగా పెడితే?

ఈ ప్రశ్న వస్తుందని నాకు మొదటి రోజు నుంచీ భయం. ఈ కథ మా ఊళ్లో బాగా ప్రచారంలో ఉంది. ఆయన గొప్ప దేశభక్తుడు, జర్మనీతో ఆయనకున్న సంబంధాలూ నిజమే. కానీ ఎమ్డెన్‌లో ఉన్నాడనడానికి ఆధారం లేదు. ఆ రోజుల్లో ఆయన యూరప్‌లో ఉన్నారు. ఇదంతా చెప్పాను. "పక్కన పెడదాం" అన్నారు. పక్కన పెట్టడం అంటే మానేయడం కాదని రెండో డ్రాఫ్టు వచ్చాక తెలిసింది. పేరు లేకుండా "నౌకలో ఒక భారతీయుడు" అని ఒకాయన డెక్కు మీద నిలబడి ఊరి దీపాల వంక చూస్తున్నాడు.

నేను ఉత్తరం రాద్దామనుకుంటూ ఉన్నాను. నాలుగు పాయింట్లు కూడా సిద్ధం చేసుకున్నాను. ఈలోగా ఆ అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది. ఓడే కనిపించని సినిమాలో ఓడ మీద నిలబడ్డ మనిషి ఎలా కనిపిస్తాడు? మూడో డ్రాఫ్టులో ఆయన లేడు. ఆధారాల పుస్తకాలతో నేను గెలవలేనిది ఆ అమ్మాయి కెమెరా ఎక్కడ పెట్టాలన్న లెక్కతో గెలిచింది.

ఇప్పటి పరిస్థితి ఏమిటంటే, ఏడాదిన్నరకు హక్కుల ఒప్పందం అయింది. చిన్న మొత్తమే. ఒప్పందం పద్నాలుగు పేజీలు, నేను బిల్లు చూసినట్టు గీత గీత చదివాను. మాటలు మార్చుకునే హక్కు వాళ్లదే అన్న షరతు ఒకటి ఉంది. దాని మీద సంతకం పెట్టేముందు కాస్త ఆగాను, పెట్టాను. షూటింగ్ ఎప్పుడో తెలియదు. లాప్‌టాప్ కుర్రాడు వేరే సినిమాకు వెళ్లిపోయాడు. డైరెక్టరు వారానికోసారి ఫోన్ చేసి, వచ్చే నెల ఖాయం అంటాడు.

నేను మటుకు రెండో ముద్రణకు పేజీలు దిద్దాను. మొదటి నాలుగు పేజీల్లో మూడు తీసేశాను. ముల్లర్‌ను ఒక పేరాలో ఉంచుకున్నాను, అంతమాత్రం నా ఇష్టం. పదిహేడో పేజీలో వెన్నెల కొట్టేసి చీకటి అని రాశాను. పెద్దకోడలు ఇప్పుడు బావి గట్టును చేత్తో తడుముకుంటూ వెళ్తుంది, చేద తగిలి చప్పుడవుతుంది, అత్తగారు లోపల్నుంచి కేక వేస్తుంది. ప్రూఫులు పట్టుకుని ప్రెస్సుకు వెళ్తే, అక్కడి కంపోజింగ్ కుర్రాడు చూసి, "మూడు పేజీలు తగ్గాయి సార్, చివర్లో ఖాళీ వస్తుంది, ఏదైనా బొమ్మ వేద్దామా, ఓడ బొమ్మ?" అన్నాడు.

వద్దన్నాను. ఖాళీగానే వదిలెయ్యమన్నాను.